చిన్న హైస్కూల్లో రెజ్లింగ్ జట్టు: పిల్లలు నిలవడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న – లెక్కల మాస్టారు

అందరికీ నమస్కారం. నేను అమెరికాలోని ఒక చిన్న పట్టణంలో హైస్కూలు లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. నాలుగు తరగతులూ కలిపినా మా బడిలో 300 మంది ఉండరు. అంతకు ముందున్న రెజ్లింగ్ కోచ్ పదవీ విరమణ చేసిన తరువాత ఆ బాధ్యత తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. జట్టును ఎత్తివేస్తారనే మాట వినిపించినప్పుడు, హైస్కూల్లో నాలుగేళ్లు నేనూ కుస్తీ పట్టినవాణ్ణే కాబట్టి, మనసొప్పక నేనే ఒప్పుకున్నాను. ఇప్పుడు నా రెండో సీజన్ ముగిసింది.

నవంబరులో మొదటి రోజు ప్రాక్టీసుకు 17 మంది వచ్చారు. క్రిస్మస్ సెలవుల తరువాత గది తలుపు తీసి లెక్కపెడితే 9 మంది మిగిలారు. వారిలో ఇద్దరు ఈ ఏడాదితో బడి ముగించి వెళ్లిపోతున్నారు, ఇంకో ముగ్గురు వచ్చే ఏడాది రామని ఇప్పటికే చెప్పేశారు. అంటే నాకు ఖాయంగా ఉన్నది నలుగురే.

మా రాష్ట్రంలో 106 పౌండ్ల నుంచి 285 వరకు 14 బరువు తరగతులు ఉన్నాయి. రెండు జట్లు తరగతికొకరు చొప్పున తలపడే డ్యూయల్ పోటీలో, మన దగ్గర మనిషి లేని ప్రతి తరగతికీ అవతలి జట్టుకు ఊరికే 6 పాయింట్లు పోతాయి. జనవరిలో జరిగిన ఒక డ్యూయల్‌లో మా పిల్లలు 9 కుస్తీలు పట్టి 6 గెలిచారు. మూడు పిన్‌లకు (ప్రత్యర్థి భుజాలను మ్యాట్‌కు ఆనించి గెలవడం) 18, మూడు డెసిషన్‌లకు (పిన్ లేకుండా పాయింట్ల మీద గెలవడం) 9, మొత్తం 27 వచ్చాయి. ఓడిన మూడూ డెసిషన్‌లే కాబట్టి అవతలివారికి అక్కడ దక్కినవి 9 మాత్రమే. ఖాళీగా వదిలిన ఐదు తరగతులకు మాత్రం 30 వెళ్లాయి. 39-27తో ఓడిపోయాం. తిరిగి వస్తుండగా బస్సులో ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి నా పక్కకు వచ్చి కూర్చుని, "సార్, మనవాళ్లే ఎక్కువమంది గెలిచారు కదా, మనం ఎలా ఓడిపోయాం?" అని అడిగాడు. లెక్క చెప్పగలిగాను గాని, అది న్యాయమైన లెక్కేనని ఆ పిల్లవాడికి అనిపించేలా చెప్పలేకపోయాను.

25 మైళ్ల దూరంలో ఉన్న పొరుగు హైస్కూలుతో కలిసి ఉమ్మడి జట్టు పెట్టుకుందామని మా అథ్లెటిక్ డైరెక్టర్ అంటున్నారు. పిల్లలను ఎలా రాబట్టాలి, వచ్చినవారిని ఎలా నిలబెట్టుకోవాలి, ఇంత తక్కువ మందితో డ్యూయల్‌లకు వెళ్లడం సబబేనా, ఉమ్మడి జట్టు మేలా కాదా అన్నది అనుభవం ఉన్నవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం – పాత కోచ్

మాస్టారూ, నమస్కారం. నేను 18 ఏళ్లు చిన్న బడుల్లోనే ఈ పని చేసి ఈమధ్యే తప్పుకున్నాను. మీరు రాసిన అంకెలన్నిటిలో నేను ఆగిపోయిన చోటు 17 నుంచి 9. మిగతా ప్రశ్నలన్నీ దాని వెనక వస్తాయి. కొత్తవారిని చేర్చడం గురించి అందరూ మాట్లాడతారు, గోడల మీద పోస్టర్లు అంటిస్తారు, కానీ మొదటి ఏడాది ఓడిపోయిన పిల్లవాడు రెండో ఏడాది నవంబరులో మళ్లీ ఆ తలుపు తీసుకుని వచ్చాడా లేదా అన్న ఒక్క సంగతి మీదే చిన్న బడి జట్టు బతుకుతుందని నా గట్టి నమ్మకం.

ఒక్కో పిల్లవాడు ప్రాక్టీసుకు చివరిసారి వచ్చిన తేదీని నేను నోటుపుస్తకంలో రాసిపెట్టుకునేవాణ్ణి. కొన్నేళ్ల తరువాత తిరగేసి చూస్తే, ప్రాక్టీసు కష్టమని మానేసినవారు చాలా తక్కువ. ఎక్కువమంది మొదటి పోటీకీ డిసెంబరు సెలవులకూ మధ్యనే వెళ్లిపోయారు. ఐదారేళ్ల వయసు నుంచే క్లబ్బుల్లో పడుతూ వచ్చిన వాళ్ల చేతిలో అరనిమిషంలో వెల్లకిలా పడి, అమ్మానాన్నలూ తోటి పిల్లలూ చూస్తుండగా లేచి వచ్చిన తరువాత, ఇంకో వారం అదే అనుభవం ఎదురైతే ఏ పద్నాలుగేళ్ల పిల్లవాడైనా ఎంతకాలం ఓర్చుకుంటాడు? అమెరికన్ ఫుట్‌బాల్‌లో కొత్తవాడి తప్పు పదకొండు మంది మధ్య కలిసిపోతుంది. మన ఆటలో ఆ వలయంలో వాడు ఒక్కడే ఉంటాడు.

అందుకే మొదటి ఏడాది పిల్లలకు నేను వేరే పోటీల పట్టిక వేసేవాణ్ణి. మొదటి ఆరు వారాలు వారిని సీనియర్ జట్టు పోటీలకు పంపేవాణ్ణి కాదు, తరగతి ఖాళీగా పోయినా సరే. మాలాంటి చిన్న బడుల కోచ్‌లకు ముందే ఫోను చేసి, ఎవరి దగ్గర మొదటి ఏడాది వాళ్లు ఎంతమంది ఉన్నారో, ఏ బరువుల్లో ఉన్నారో కనుక్కుని, వారికి వారినే జత కలిపేవాళ్లం. బోర్డు మీద ఆ పాయింట్లు లెక్కకు రావు. కానీ ఇద్దరు కొత్తవాళ్లు ఆరు నిమిషాలూ ఒకరినొకరు తోసుకుంటూ, తప్పులు చేస్తూ, చివరికి ఒకడు 8-7తో గెలిచినప్పుడు ఇద్దరికీ ఈ ఆట అర్థమవుతుంది.

నేర్పే విషయంలోనూ ఆశ తగ్గించుకోవాలి. మొదటి ఏడాది పిల్లవాడికి నిలబడే తీరు, ఒక్క టేక్‌డౌన్ (నిలబడి ఉన్న ప్రత్యర్థిని కిందపడేసి అదుపులోకి తెచ్చుకోవడం), కింద ఉన్నప్పుడు లేచి నిలబడి విడిపించుకోవడం, వెల్లకిలా పడబోతున్నప్పుడు వంతెనలా నడుము ఎత్తి పొట్ట మీదికి తిరగడం, ఈ నాలుగూ చాలు. అందులోనూ చివరి రెండింటికే నేను సగం సమయం ఇచ్చేవాణ్ణి. కింద ఉన్న పిల్లవాడు ముందు చేయవలసిన పని, తన నడుము చుట్టూ ఉన్న చేతిని వెతికి, దాని వేళ్లను గట్టిగా పట్టుకోవడం. ఆ చేయి దొరకనిదే లేచినా ప్రయోజనం లేదు, మళ్లీ కిందికి లాగేస్తారు. వేళ్లు పట్టుకో, వీపుతో వెనక్కి నెట్టు, కాలు నిలుపు, తిరుగు. రోజూ ఇరవై సార్లు, ఇరువైపులా. పైవాడి నుంచి విడిపించుకుంటే వచ్చేది ఒక్క పాయింటే. టేక్‌డౌన్‌కు 2024-25 నుంచి హైస్కూల్లో 3 పాయింట్లు ఇస్తున్నారు కాబట్టి అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి గాని, కొత్తవాడిని జట్టులో నిలిపేది ఆ ఒక్క పాయింటే.

ఒక అబ్బాయి మొదటి ఏడాది 14 కుస్తీలు పట్టి 13 ఓడిపోయాడు. అతని కోసం ఒక కాగితం మీద, పిన్ అయ్యేలోపు ఎంతసేపు నిలిచాడో మాత్రమే రాసేవాణ్ణి. మొదటిది 38 సెకన్లు. తరువాత 1:10. తరువాత మళ్లీ 50 సెకన్లు. జనవరిలో 3:25. ఫిబ్రవరిలో ఒక రోజు మూడు పీరియడ్‌లూ నిలిచి 9-4తో ఓడాడు. మ్యాట్ దిగి వస్తూ అతను పాయింట్ల ఊసే ఎత్తలేదు. "కాగితంలో ఏమి రాస్తారు కోచ్?" అని అడిగాడు. 6:00 అని రాసి చూపించాను. అతను నాలుగేళ్లూ నిలిచాడు.

ఇక డ్యూయల్‌ల సంగతి. తొమ్మిది మందితో ఏడాదికి పన్నెండు డ్యూయల్‌లు పెట్టుకుంటే, మీ బస్సు ప్రశ్న పన్నెండు సార్లు ఎదురవుతుంది. ఒప్పందం ప్రకారం తప్పనివి మాత్రమే ఉంచుకుని, మిగతా తేదీల్లో వ్యక్తిగత టోర్నమెంట్‌లకు వెళ్లండి. అక్కడ జట్టు స్కోరు కిందిస్థాయిలో ఉన్నా ఎవరూ పట్టించుకోరు, ప్రతి పిల్లవాడికీ ఒకే రోజు మూడు నాలుగు కుస్తీలు దొరుకుతాయి. తప్పని డ్యూయల్‌లలో టాస్ విలువ తెలుసుకోండి. సరి సంఖ్య కుస్తీలకు ఎవరు ముందు మనిషిని పంపాలి, బేసి సంఖ్య వాటికి ఎవరు అన్నది దానితోనే తేలుతుంది. తూకంలో వచ్చిన తరగతికి ఒక తరగతి పైన పట్టే వీలు కూడా నియమాల్లో ఉంది. అవతలివారు ముందు పంపవలసిన చోట మీ మంచి కుర్రాణ్ణి ఒక మెట్టు పైకి జరిపి ఒక పోటీని దక్కించుకోవచ్చు. కాగితం మీద ముందే వేసుకోండి, మీకు లెక్క కష్టం కాదు.

పిల్లలను రాబట్టడం గురించి రెండే మాటలు. ఫుట్‌బాల్ కోచ్‌తో స్నేహం పెంచుకోండి, ఎందుకంటే 190, 215, 285 తరగతుల్లో మీకు కావలసిన వాళ్లు ఆయన దగ్గరే ఉన్నారు. మనవాళ్లు వేసవిలో వెయిట్ రూముకు వెళ్లకుండా అడ్డుకోవద్దు, వసంతంలో ట్రాక్‌కు వెళ్లినా మూతి ముడవవద్దు. చిన్న బడిలో ఒకే పిల్లవాడు మూడు ఆటలూ ఆడతాడు, వాణ్ణి పంచుకోవలసిందే. రెండోది, బాస్కెట్‌బాల్ జట్టులో చోటు దొరకని పొట్టి పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. వంద పౌండ్ల అబ్బాయికి వాడి సైజు వాళ్లతోనే పోటీ పెట్టే ఆట బడిలో ఇదొక్కటే. ఆ సంగతి మైకులో ప్రకటిస్తే వినరు, భోజనాల గదిలో పక్కన కూర్చుని చెప్పండి.

ఎలిమెంటరీ పిల్లలకు వారానికి రెండు సాయంత్రాలు క్లబ్బు నడపడం అన్నిటికన్నా మంచి పనే గాని, మూడో తరగతి పిల్లవాడు హైస్కూలుకు రావడానికి ఆరేళ్లు పడుతుంది. వచ్చే నవంబరుకు అది మిమ్మల్ని ఆదుకోదు. అయినా మొదలుపెట్టండి, మీ పెద్ద పిల్లల చేతనే నేర్పించండి.

సమాధానం – రిఫరీగా వెళ్లే నర్సు

మాస్టారు గారికి నమస్కారం. కోచ్ గారు చెప్పినవాటికి నేను కలపవలసింది రెండు విషయాలు, రెండూ ఆరోగ్యానికి సంబంధించినవి.

మొదటిది, ఖాళీ తరగతులు నింపడం కోసం పిల్లల బరువు తగ్గించాలనే ఆలోచనను దగ్గరికి రానివ్వకండి. జట్టు చిన్నదైనప్పుడు ఈ కోరిక మరీ బలంగా పుడుతుంది. 150లో ఇద్దరున్నారు, 138 ఖాళీ, ఒకణ్ణి దించితే 6 పాయింట్లు మిగులుతాయి అనిపిస్తుంది. 1997 చివరిలో నెల రోజులకు కాస్త అటూ ఇటూగా ముగ్గురు కాలేజీ మల్లులు బరువు తగ్గించుకునే ప్రయత్నంలోనే చనిపోయారు. ఆ తరువాతే కాలేజీ నియమాలు మారాయి, హైస్కూళ్లకూ కట్టుదిట్టమైన పద్ధతి వచ్చింది. సీజన్ ముందు మూత్ర పరీక్షలో సాంద్రత 1.025 దాటకుండా, అంటే ఒంట్లో తగినంత నీరు ఉన్నట్టు తేలిన తరువాతే శరీరంలోని కొవ్వు కొలుస్తారు. అబ్బాయిలకు 7 శాతం, అమ్మాయిలకు 12 శాతం కన్నా కిందికి పోయే బరువును అనుమతించరు. వారానికి 1.5 శాతం మించి తగ్గకూడదు. ఆ లెక్కన 150 పౌండ్ల అబ్బాయి 138కి రావాలంటే ఆరు వారాలు కావాలి, అదీ అతని ఒంట్లో తగ్గవలసిన కొవ్వు నిజంగా ఉంటేనే. సగం సీజన్ ఆకలితో, నీరసంతో గడిపిన పిల్లవాడు వచ్చే ఏడాది తిరిగి రాడు. పిల్లలను పోగొట్టుకునే దారుల్లో ఇదీ ఒకటి.

రెండోది చర్మం. తూకానికి ముందు జరిగే చర్మ పరీక్షలో నేను పిల్లలను వెనక్కి పంపవలసి వచ్చిన ప్రతిసారీ నాకు బాధగా ఉంటుంది. యాభై మంది ఉన్న జట్టులో ముగ్గురికి తామర వస్తే గమనించరు, తొమ్మిది మంది జట్టులో ముగ్గురంటే ఆ వారం పోటీయే లేదు. ఒంటి మీది తామరకు 72 గంటలు మందు వాడి, వైద్యుడి సంతకంతో కాగితం తేవాలి. తల మీద వస్తే 14 రోజులు. హెర్పిస్ రకం అంటువ్యాధి ఇంకా తీవ్రమైనది. 1989లో మినెసోటాలో జరిగిన ఒక హైస్కూలు రెజ్లింగ్ శిబిరంలో 175 మందిలో 60 మందికి అది సోకింది.

మ్యాట్‌ను ప్రాక్టీసుకు ముందు తుడవండి, తరువాత మళ్లీ తుడవండి. మందు చల్లి వెంటనే ఆరబెట్టేస్తే క్రిములు చావవు. సీసా మీద ఎన్ని నిమిషాలు తడిగా ఉంచమని రాసి ఉంటే అన్ని నిమిషాలు తడిగానే ఉంచాలి. మరుగుదొడ్డికి వేసుకుపోయిన బూట్లతో మళ్లీ మ్యాట్ ఎక్కనివ్వకండి. ప్రాక్టీసు అయిన పావుగంటలో స్నానం, ఉతికిన బట్టలు, ఎవరి తువ్వాలు వారిదే. చొక్కా విప్పించి మెడ, ముంజేతులు, చెవుల వెనక మీరే రోజూ చూడండి. చిన్న ఎర్రటి మచ్చ సోమవారం కనిపిస్తే గురువారానికి ఆ 72 గంటలు పూర్తవుతాయి, గురువారం కనిపిస్తే శనివారం పోటీ పోయినట్టే.

సమాధానం – ఒక అమ్మాయి తల్లి

మాస్టారు గారూ, మీ ఉత్తరంలో పిల్లలు అన్న చోటల్లా అబ్బాయిలే కనిపించారు. మీ బడిలో సగం మంది అమ్మాయిలు ఉన్నారు కదండీ.

హవాయి 1998లో అమ్మాయిలకు విడిగా రాష్ట్ర స్థాయి పోటీ పెట్టింది. ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాలు అమ్మాయిల రెజ్లింగ్‌ను హైస్కూలు ఆటగా గుర్తించాయి. 2023-24లో దేశం మొత్తం మీద హైస్కూల్లో పట్టిన అమ్మాయిలు 60 వేలు దాటారు. 2026 నుంచి కాలేజీలోనూ ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) మహిళల చాంపియన్‌షిప్ ఉంది. ఈ ఆటలో నేడు వేగంగా పెరుగుతున్నది అమ్మాయిల వైపే.

మా అమ్మాయి చేరిన ఏడాది గదిలో ఆమె ఒక్కతే. కోచ్ మంచివారే, అబ్బాయిలూ మర్యాదగానే ఉండేవారు, అయినా జత కట్టమన్న ప్రతిసారీ అందరూ జతలు కట్టాక ఆమె గోడ దగ్గర నిలబడి ఉండేది. ఆ రెండు నిమిషాల కోసమే మానేస్తానంది. జనవరిలో ఇంకో అమ్మాయి వచ్చింది. బరువులో ఇద్దరికీ 20 పౌండ్ల తేడా ఉన్నా, ఆ రోజు నుంచి మానేసే మాట మళ్లీ వినలేదు. కాబట్టి ఒక అమ్మాయిని అడగకండి, ఇద్దరు స్నేహితురాళ్లను కలిపి అడగండి. బట్టలు మార్చుకునే గది, బస్సులో వెంట రాగల ఒక మహిళ, ఈ రెండూ ముందే చూసుకోండి. సింగ్లెట్ (ఒంటికి అతుక్కుని ఉండే ఒకే ముక్క కుస్తీ దుస్తు) వేసుకోవడానికి సిగ్గుపడే వారికి రెండు ముక్కల యూనిఫారం కూడా నియమాల్లో ఉందని మొదటి రోజే చెప్పండి. చాలామంది అబ్బాయిలకు కూడా ఆ మాట అవసరమే.

సమాధానం – ఉమ్మడి జట్టు సహాయ కోచ్

ఉమ్మడి జట్టు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నేను నాలుగేళ్లుగా అలాంటి జట్టులోనే ఉన్నాను, దాన్ని కాదనను. మాకు 13 తరగతులు నిండుతున్నాయి. ప్రతివాడికీ తన బరువుకు దగ్గరైన జత దొరుకుతోంది. కోచింగ్‌లో అది చిన్న సంగతి కాదు, 120 పౌండ్ల అబ్బాయి రోజూ 165 పౌండ్లవాడితో పడితే నేర్చుకునేదాని కన్నా దెబ్బలే ఎక్కువ.

కానీ 25 మైళ్లు అంటే రోజూ రానూపోనూ గంట. ప్రాక్టీసు మా బడిలో జరిగే వారాల్లో అవతలి బడి పిల్లలు ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర దాటుతోంది. కారు లేని ఇళ్ల పిల్లలు ముందుగా మానేస్తున్నారు. కొత్తవారిలో అవతలి బడి నుంచి చేరేవారు ఏటేటా తగ్గుతున్నారు, ఎందుకంటే ఆ బడి వరండాల్లో మ్యాట్ లేదు, కోచ్ లేడు, ఆట కంటికి కనిపించదు. కొన్ని రాష్ట్రాల్లో రెండు బడుల విద్యార్థుల సంఖ్య కలిపి లెక్కిస్తారు కాబట్టి పెద్ద బడుల విభాగంలోకి జరిగే అవకాశమూ ఉంది. ఆ సంగతి మీ రాష్ట్ర సంఘం నుంచి రాతపూర్వకంగా తెలుసుకోకుండా సంతకం పెట్టవద్దు.

మీ దగ్గర నలుగురే ఉంటే నేనైతే ఒప్పుకుంటాను, కానీ మూడు షరతులు పెడతాను: రెండు బడుల్లోనూ ప్రాక్టీసు గది ఉండాలి, సాయంత్రం బస్సు ఉండాలి, ప్రతి బడి నుంచీ ఒక పెద్దమనిషి కోచింగ్‌లో ఉండాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా నాలుగేళ్లలో చిన్న బడి వాటా సున్నాకు వస్తుంది.

మాస్టారు

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ ఎంతో రుణపడి ఉంటాను. కోచ్ గారు చెప్పినట్టు మానేసిన ఎనిమిది మంది పేర్ల ఎదురుగా తేదీలు వేసి చూశాను. ఆరుగురు డిసెంబరు మొదటి రెండు వారాల్లోనే వెళ్లారు. ఆ రెండు శనివారాలూ నేను వారిని రాష్ట్రంలోనే గట్టి జట్లు వచ్చే టోర్నమెంట్‌కు తీసుకువెళ్లాను, మంచి పోటీ చూస్తే నేర్చుకుంటారనుకున్నాను. ఆ తప్పు నాది.

అమ్మగారు అన్నది నిజమే, అమ్మాయిల ఆలోచనే నాకు రాలేదు. నా తరగతిలోనే సాఫ్ట్‌బాల్ ఆడే ఇద్దరు స్నేహితురాళ్లు ఉన్నారు, సోమవారం అడుగుతాను. ఉమ్మడి జట్టుకు ఆ మూడు షరతులూ రాసి అథ్లెటిక్ డైరెక్టర్‌కు ఇస్తాను, సాయంత్రం బస్సు దగ్గరే బేరం తెగుతుందేమో. ఒక్క ప్రశ్న మిగిలింది. ఆ ఆరుగురినీ మళ్లీ పిలవడం బాగుంటుందా, ఇబ్బంది పెట్టినట్టు అవుతుందా?

పాత కోచ్

పిలవండి మాస్టారూ, కానీ వచ్చే నవంబరు దాకా ఆగవద్దు. ఇప్పుడు, ఈ వసంతంలోనే, తూకం, స్కోరు, ఇంటివాళ్లు ఎవరూ లేని ఒక సాయంత్రం గది తెరిచి పెట్టండి. మీ నలుగురి చేత ఒక్కొక్కరికి ఒక పాత మిత్రుణ్ణి పిలిపించండి, మీరు పిలిస్తే పిల్లవాడు మొహమాటానికి సరేనంటాడు. వచ్చినవాడికి ఆ రోజు ఒకే ఒక పని ఇవ్వండి: కింద నుంచి లేవడం. చేయి వెతకడం, వేళ్లు పట్టుకోవడం, లేవడం. నలభై నిమిషాలకు మించనివ్వకండి, ఇంకా పడతామని వాళ్లంటున్నప్పుడే దీపాలు ఆపేయండి. ఇద్దరు వచ్చినా మీ నలుగురు ఆరుగురు అవుతారు, మూడు జతలు సరిగ్గా కుదురుతాయి.